డాక్యుమెంటేషన్ కామెంట్ల తనిఖీలో లింటర్ల తప్పుడు హెచ్చరికలు

ప్రోగ్రామ్‌ను నడపకుండా దాని కోడ్‌ను మాత్రమే చదివి, లోపాలనూ శైలీ నియమాల ఉల్లంఘనలనూ ఎత్తిచూపే సాఫ్ట్‌వేర్‌ను లింటర్ అంటారు. ఒక ఫంక్షన్ ఏం చేస్తుంది, ఏ విలువలు తీసుకుంటుంది, ఏది తిరిగి ఇస్తుంది అన్న సంగతులను కోడ్ పక్కనే నిర్ణీత రూపంలో రాసే వివరణ డాక్యుమెంటేషన్ కామెంట్. కామెంట్ సరిగానే ఉన్నా లింటర్ అందులో లోపం ఉందని చెబితే అది తప్పుడు హెచ్చరిక.

కోడ్ భాగాన్ని తనిఖీ చేసేటప్పుడు కంటే కామెంట్లను తనిఖీ చేసేటప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ. కోడ్‌కు కచ్చితమైన వ్యాకరణం ఉంది. కామెంట్‌లో మనుషుల భాష ఉంటుంది. అందులోనే చిహ్నాలు, ఫార్ములాలు, వెబ్ చిరునామాలు, ఊళ్ల పేర్లు, నమూనా కోడ్ ముక్కలు కలిసి ఉంటాయి. తమిళనాడులో కర్ణాటక సరిహద్దున ఉన్న హోసూరు, దానికి జిల్లా కేంద్రమైన కృష్ణగిరి ఈ విషయాన్ని రెండు వైపుల నుంచి చూడదగిన ప్రాంతం. అక్కడ తయారయ్యే వాహనాల తరగతికి భద్రతా ప్రమాణాలు వర్తిస్తాయి. వాటితోపాటు అనుసరించే కోడింగ్ మార్గదర్శకాల్లో కామెంట్ల మీద కూడా నియమాలున్నాయి. పైగా తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే వినిపించే నేల అది.

పరిధి, పరిభాష

హెచ్చరికలన్నీ ఒక రకం కావు. కామెంట్‌లో ఏ లోపమూ లేకుండా వచ్చేది అసలైన తప్పుడు హెచ్చరిక. నియమం ప్రకారం సరైనదే అయినా, సవరించినందువల్ల చదివేవారికి ఏ మేలూ లేనిది రెండో రకం. గూగుల్‌లో కోడ్‌ను నడపకుండా పరిశీలించే స్థిర విశ్లేషణ టూల్స్‌ను నడిపిన బృందం ఈ రెంటినీ ఒకే గాటన కట్టింది: హెచ్చరిక చూశాక ప్రోగ్రామర్ ఏ చర్యా తీసుకోకపోతే దాన్ని తప్పుడు హెచ్చరికగానే లెక్కించాలని, అలాంటివి పది శాతం లోపు ఉండాలని ఆ బృందం పెట్టుకున్న కొలత. కామెంట్ల విషయంలో ఈ నిర్వచనమే ఎక్కువ ఉపయోగకరం. కామెంట్ ఉన్నది చదివేవాడి కోసం కాబట్టి, చదివేవాడికి తేడా పడని సవరణకు విలువ లేదు.

దీనికి ఎదురుగా ఉన్నది తప్పిపోయిన లోపం, అంటే కామెంట్ తప్పుగా ఉన్నా టూల్ పట్టుకోలేకపోవడం. ఈ రెండూ తక్కెడ సిబ్బెల్లా పనిచేస్తాయి. నియమాన్ని బిగిస్తే తప్పుడు హెచ్చరికలు పెరుగుతాయి, సడలిస్తే నిజమైన లోపాలు జారిపోతాయి.

చరిత్ర

లింట్ అనే తొలి టూల్‌ను బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం తయారు చేశాడు. దాని వివరణ పత్రం 1978 నాటిది. ఆ టూల్ కామెంట్లలోని భాషను పరిశీలించేది కాదు. కొన్ని ప్రత్యేక కామెంట్లను మాత్రం గుర్తుపట్టేది. ఈ చోటికి ప్రోగ్రామ్ ఎప్పటికీ రాదనో, ఈ ఆర్గ్యుమెంట్లను వాడకపోవడం ఉద్దేశపూర్వకమేననో ప్రోగ్రామర్ ఆ కామెంట్లలో చెప్పేవాడు, లింట్ ఆ హెచ్చరికను ఆపేసేది. అంటే లింటర్ చరిత్రలో కామెంట్ తనిఖీకి గురయ్యే వస్తువుగా మారకముందే తప్పుడు హెచ్చరికను అణిచే సాధనంగా పనిచేసింది.

1990ల్లో జావాతోపాటు జావాడాక్, 1997లో డాక్సిజెన్ వచ్చాయి. కామెంట్ల నుంచే మాన్యువల్ పుటలు తయారు చేసే పద్ధతి స్థిరపడింది. దానితో కామెంట్‌కు ఒక రూపం, ట్యాగులు, వరుసక్రమం ఏర్పడ్డాయి. రూపం ఉన్నదానికి తనిఖీ కూడా సాధ్యమే. 2001లో జావా కోసం చెక్‌స్టైల్ వచ్చింది. పైథాన్‌లో డాక్‌స్ట్రింగ్‌లకు (కోడ్‌లోనే రాసే డాక్యుమెంటేషన్ వివరణలకు) సంప్రదాయాలను నిర్దేశించే పెప్ 257 కూడా ఆ ఏడాదిదే. 2012లో విడుదలైన క్లాంగ్ 3.2 కంపైలర్, సీ కుటుంబ భాషల్లోని డాక్యుమెంటేషన్ కామెంట్లను తనిఖీ చేసే హెచ్చరికల సమూహాన్ని చేర్చుకుంది.

తప్పుడు హెచ్చరికల మీద పెద్ద ఎత్తున నిరసన వచ్చింది 2014లో. ఆ మార్చిలో విడుదలైన జావా 8లో డాక్‌లింట్ అనే తనిఖీని జావాడాక్‌లో ముందుగానే ఆన్ చేసి పెట్టారు. అది కామెంట్‌లోని హెచ్‌టీఎమ్‌ఎల్‌ను కఠినంగా చూసేది. పంక్తి విరుపుకు అందరూ వాడే, స్వయంగా మూసుకునే బీఆర్ ట్యాగ్ 
 రూపాన్ని బ్రౌజర్లన్నీ సవ్యంగానే చూపిస్తాయి. డాక్‌లింట్ దాన్ని దోషంగా పరిగణించి డాక్యుమెంటేషన్ నిర్మాణాన్నే ఆపేసింది. వాక్యంలో "వేగం < 40 అయితే" అని రాసినా, బాణం గుర్తు వేసినా అదే ఫలితం. అంతకుముందు ఏళ్ల తరబడి సాఫీగా తయారైన పుటలు కొత్త వెర్షన్‌కు మారగానే ఆగిపోయాయి. చాలా ప్రాజెక్టులు తనిఖీని మొత్తంగా ఆఫ్ చేసే స్విచ్‌ను తమ బిల్డ్ ఫైళ్లలో చేర్చుకున్నాయి. హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణం ప్రకారం డాక్‌లింట్ వాదనలో బలముంది. అయినా ఆ స్విచ్ నొక్కిన ప్రతిచోటా, లేని పారామీటర్‌ను వివరించే కామెంట్ల వంటి నిజమైన లోపాల తనిఖీ కూడా పోయింది. నష్టం అక్కడ జరిగింది.

జావాస్క్రిప్ట్ లోకంలో 2013లో మొదలైన ఈఎస్‌లింట్ ఇంకో దారి పట్టింది. జేఎస్‌డాక్ కామెంట్లను తనిఖీ చేసే తన సొంత నియమాలకు స్వస్తి చెబుతున్నట్టు 2018 నవంబరులో ప్రకటించింది. ఆ కామెంట్లను విడదీసే లైబ్రరీ నిర్వహణ ఆగిపోవడం, ఒక్కో బృందం ఒక్కో రకం ట్యాగుల వాడుకను కోరడం, అంచు సందర్భాలకు అంతులేకపోవడం దీనికి నేపథ్యం. 2024లో వచ్చిన తొమ్మిదో వెర్షన్‌లో ఆ నియమాలు పూర్తిగా తొలగిపోయాయి. ఆ పని ప్రత్యేక ప్లగిన్ చేతికి వెళ్లింది. పైథాన్‌లో ఈ పని చేసిన పైడాక్‌స్టైల్ కూడా 2023లో ఆగిపోయి, దాని నియమాలు రఫ్ అనే వేగవంతమైన లింటర్‌లో కొనసాగుతున్నాయి.

లింటర్ కామెంట్‌ను చదివే తీరు

కంపైలర్ సాధారణంగా కామెంట్లను పారేస్తుంది. లింటర్ వాటిని దాచుకుని, ప్రతి కామెంట్ ఏ ఫంక్షన్‌కు, ఏ క్లాస్‌కు చెందిందో జతచేస్తుంది. తర్వాత కామెంట్ పాఠాన్ని ముక్కలు చేసి మొదటి వాక్యాన్ని, ట్యాగులను, వివరణను వేరు చేస్తుంది. ఆ ముక్కలను నియమాలతో పోలుస్తుంది. తప్పుడు హెచ్చరిక ఈ మూడు దశల్లో ఎక్కడైనా పుట్టవచ్చు.

జతచేసే దశలో: కామెంట్‌కూ ఫంక్షన్‌కూ మధ్య మాక్రో ఉంటే కామెంట్ దిక్కులేనిదవుతుంది, "వివరణ లేదు" అన్న హెచ్చరిక వస్తుంది. మాతృ క్లాస్‌లో వివరణ ఉండి, దాన్నే వారసత్వంగా తీసుకున్న ఫంక్షన్ విషయంలోనూ ఇంతే.

విడదీసే దశలో: వాక్యం ఎక్కడ ముగిసిందో నిర్ణయించాలి. చుక్క, దాని తర్వాత ఖాళీ వస్తే వాక్యం అయిపోయినట్టు చాలా టూల్స్ భావిస్తాయి. "వేగాన్ని గం. కు కి.మీ. లెక్కన ఇస్తుంది." అన్న కామెంట్‌లో సారాంశ వాక్యం "వేగాన్ని గం." దగ్గరే తెగిపోతుంది. ఇంగ్లీషు సంక్షిప్త రూపాలకూ ఈ బాధ ఉంది.

పోల్చే దశలో: టూల్ దగ్గరున్న జాబితా, ఊహ, కొలత ఎంత మంచివో ఫలితం అంత మంచిది. ఇక్కడ లింటర్ అంచనా మీదనే ఆధారపడుతుంది. ఫంక్షన్‌కు మూడు పారామీటర్లు ఉన్నాయా అన్నది లెక్క. కామెంట్‌లోని పంక్తి నిజంగా వదిలేసిన కోడా, వివరణ కోసం ఇచ్చిన నమూనానా అన్నది అంచనా.

రకాలు

ట్యాగులు, చిహ్నాలు. డాక్సిజెన్‌కు వెనక్కి వాలిన గీత ఒక ఆజ్ఞకు ఆరంభం. విండోస్‌లో ఫైలు ఉన్న మార్గాన్ని కామెంట్‌లో రాస్తే ప్రతి గీత దగ్గరా "తెలియని ఆజ్ఞ" అన్న హెచ్చరిక వస్తుంది. కోణాకార బ్రాకెట్లలో "ఇక్కడ పరికరం సంఖ్య రాయాలి" అన్న అర్థంతో పెట్టే ఖాళీని హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌గా పొరబడుతుంది. రస్ట్ భాషలో చదరపు బ్రాకెట్లు మరో పుటకు లంకెను సూచిస్తాయి. అర్రే సూచికను కోడ్ గుర్తులు లేకుండా వాక్యంలో రాస్తే "లంకె విరిగింది" అంటుంది. అదే భాషకు చెందిన క్లిప్పీ అనే లింటర్, మధ్యలో పెద్ద అక్షరం ఉన్న మాట కనిపిస్తే అది కోడ్‌లోని పేరనుకుని కోడ్ గుర్తుల్లో పెట్టమంటుంది. కంపెనీల, ఉత్పత్తుల పేర్లు ఎన్నో అలా ఉంటాయి కాబట్టి మినహాయింపు పేర్ల జాబితాను సెట్టింగుల్లోనే ఇచ్చే వీలు కల్పించారు.

వదిలేసిన కోడ్ అనే అనుమానం. వాడని కోడ్‌ను తొలగించకుండా కామెంట్‌గా మార్చి ఉంచడం చెడు అలవాటు; దాన్ని పట్టే నియమాలు సోనార్‌క్యూబ్‌లోనూ రఫ్‌లోనూ ఉన్నాయి. సెమికోలన్‌తో ముగిసే మామూలు వాక్యం, సమాన గుర్తు ఉన్న ఫార్ములా, వాడే విధానం చూపే రెండు పంక్తుల నమూనా ఆ వలలో పడతాయి. మంచి డాక్యుమెంటేషన్ కామెంట్‌కు నమూనా కోడ్ ప్రాణం లాంటిది. దాన్ని తీసేయమని అడిగే హెచ్చరిక ఈ వర్గం మొత్తంలో అత్యంత హానికరం.

భాషా నియమాలు. పైథాన్ సంప్రదాయంలో డాక్‌స్ట్రింగ్ మొదటి పంక్తి ఆజ్ఞార్థకంలో ఉండాలి. ఈ నియమాన్ని తనిఖీ చేసే తొలి రూపం, మొదటి మాట చివర ఇంగ్లీషు "ఎస్" అక్షరం ఉంటే తప్పని భావించేది. క్రియ కాని మాటలు, పుట్టుకతోనే ఆ అక్షరంతో ముగిసే మాటలు కూడా దానికి దొరికిపోయేవి. తర్వాత క్రియల జాబితాను, మాట మూలాన్ని కనిపెట్టే పద్ధతిని చేర్చి తప్పులను తగ్గించారు. గో భాషలోని గోలింట్, బయటికి కనిపించే ప్రతి పేరుకూ దాని పేరుతోనే మొదలయ్యే కామెంట్ కావాలనేది. తప్పుడు హెచ్చరికలు ఉంటాయని ఆ టూల్ ముందే చెప్పి, ప్రతి హెచ్చరికకూ ఒక నమ్మకపు విలువ ఇచ్చి, 0.8 కంటే తక్కువ ఉన్నవాటిని చూపకుండా దాచేది. ఈ నిజాయితీ మిగతా టూల్స్‌లో అరుదు.

అక్షరదోషాలు. నిఘంటువులో లేని ప్రతి మాటనూ తప్పనే టూల్స్‌కు ఊళ్ల పేర్లు, చిప్ పేర్లు, సంక్షిప్తాలు అన్నీ దోషాలే. తెలిసిన తప్పు రూపాల జాబితాను మాత్రమే పట్టుకునే కోడ్‌స్పెల్ వంటివి తక్కువ గోల చేస్తాయి, ఎక్కువ తప్పులను వదిలేస్తాయి.

వాహన కోడ్: ఎమ్‌ఐఎస్‌ఆర్‌ఏ సీ నియమాలు

వాహనాల్లోని కంట్రోల్ యూనిట్లకు సీ భాషలో రాసే కోడ్‌కు ప్రపంచమంతటా ఎక్కువగా అనుసరించే మార్గదర్శకాలు ఎమ్‌ఐఎస్‌ఆర్‌ఏ సీ. బ్రిటన్ వాహన పరిశ్రమలో 1998లో మొదలై 2004, 2012, 2023 ఎడిషన్లుగా పెరిగాయి. కామెంట్ల మీద అందులో రెండు అంశాలు ఇక్కడికి సంబంధించినవి.

మొదటిది 3.1 నియమం: కామెంట్ లోపల /* గానీ // గానీ ఉండకూడదు. దీని వెనుక బలమైన కారణం ఉంది. ఒక కామెంట్‌ను మూసే గుర్తు పొరపాటున మరచిపోతే, తర్వాతి కామెంట్ ముగిసేదాకా మధ్యనున్న కోడ్ అంతా కామెంట్‌గా మారిపోతుంది. బ్రేకుకు సంబంధించిన ఫంక్షన్ పిలుపు అలా మాయమైనా కంపైలర్ నోరు మెదపకపోవచ్చు. కామెంట్ లోపల కామెంట్ గుర్తు కనిపించడం ఆ పొరపాటుకు ఆనవాలు. ఇంతవరకు నియమం సబబే. చిక్కల్లా వెబ్ చిరునామాతో వచ్చింది. హెచ్‌టీటీపీఎస్ తర్వాత వచ్చే :// లో // ఉంది. చిప్ తయారీదారు డేటాషీట్ ఎక్కడుందో /* */ రకం కామెంట్‌లో రాసిన ప్రతిసారీ నియమం ఉల్లంఘించినట్టే లెక్క. తర్వాతి ఇంజనీరుకు దారి చూపే సమాచారమే దోషంగా నమోదయ్యేది. కామెంట్లలో వెబ్ చిరునామాలను అనుమతించే మినహాయింపు 2023 ఎడిషన్‌లో ఉంది. పాత ఎడిషన్‌తో నడిచే ప్రాజెక్టుల్లో ఈ హెచ్చరికను ఇప్పటికీ చూడవచ్చు.

రెండోది 4.4 డైరెక్టివ్: కోడ్‌ను కామెంట్‌గా మార్చి వదిలేయరాదు. ఇది సలహా స్థాయిది. తనిఖీ టూల్ దీన్ని అంచనాతోనే అమలు చేస్తుంది కాబట్టి, పైన చెప్పిన నమూనా కోడ్ సమస్య ఇక్కడా ఎదురవుతుంది (చూడండి: రకాలు).

కామెంట్ మీద వచ్చిందల్లా తప్పుడు హెచ్చరిక అనుకోవడమూ ప్రమాదమే. // కామెంట్ చివర వెనక్కి వాలిన గీత మిగిలితే సీ భాష తర్వాతి పంక్తిని కూడా ఆ కామెంట్‌లో కలిపేస్తుంది. ఫోల్డర్ మార్గం రాసి గీతతో ముగించిన కామెంట్ కింద ఉన్న కోడ్ పంక్తి నిశ్శబ్దంగా పోతుంది. చూడ్డానికి అల్పంగా కనిపించే ఆ హెచ్చరిక అక్షరాలా నిజం.

హోసూరు, కృష్ణగిరి

ధర్మపురి జిల్లా నుంచి 2004 ఫిబ్రవరిలో విడిపడి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. ఉత్తరాన కర్ణాటక, ఈశాన్యాన చిత్తూరు జిల్లా దాని హద్దులు. హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. సిప్‌కాట్ పారిశ్రామిక వాడ నీడలో పెరిగిన ఈ ఊరి నుంచే 1980లో టీవీఎస్ 50 మోపెడ్ బయటికి వచ్చింది. అశోక్ లేలాండ్ వాణిజ్య వాహనాల కర్మాగారం, టైటన్ గడియారాల కర్మాగారం అదే దశకంలో స్థిరపడ్డాయి. బీఎమ్‌డబ్ల్యూ జీ 310 ఆర్ మోటార్‌సైకిల్ తయారైందీ ఇక్కడి టీవీఎస్ కర్మాగారంలోనే. 2021లో ఏథర్ హోసూరుకు, ఓలా ఎలక్ట్రిక్ జిల్లాలోని పోచంపల్లికి వచ్చాయి. ఒకప్పుడు కార్బురేటర్, చెయిన్, గేరుపెట్టె ఉన్న చోట ఇప్పుడు బ్యాటరీ నిర్వహణ, మోటార్ నియంత్రణ, తెర మీద చూపే సమాచారం అన్నీ కోడ్.

ఈ జిల్లాలో తయారయ్యే ద్విచక్ర వాహనాలనూ వాణిజ్య వాహనాలనూ ఒకే అంతర్జాతీయ ప్రమాణం తాకుతుంది. రహదారి వాహనాల క్రియాత్మక భద్రతకు సంబంధించిన ఐఎస్‌ఓ 26262 తొలి ఎడిషన్ 2011లో 3,500 కిలోల లోపు ప్రయాణికుల కార్లకే పరిమితమైంది. 2018 ఎడిషన్ ట్రక్కులను, బస్సులను చేర్చుకుని, మోటార్‌సైకిళ్ల కోసం పన్నెండో భాగాన్ని ప్రత్యేకంగా కేటాయించింది. మోపెడ్లు మాత్రం దాని పరిధిలో లేవు. ప్రమాణం ఏ లింటర్ వాడాలో చెప్పదు. కోడింగ్ మార్గదర్శకాలు పాటించినట్టు, భద్రతా అవసరాలకూ కోడ్‌కూ మధ్య జాడ ఉన్నట్టు ఆధారం అడుగుతుంది. ఆ జాడను మోసే చోట్లలో డాక్యుమెంటేషన్ కామెంట్ ఒకటి. ఏ అవసరం సంఖ్య వల్ల ఈ ఫంక్షన్ పుట్టిందో అందులో ప్రత్యేక ట్యాగ్‌తో రాయడం పరిశ్రమలో పరిపాటి. ఆ సొంత ట్యాగ్ గురించి చెప్పకపోతే లింటర్‌కు అది "తెలియని ఆజ్ఞ".

ఊళ్ల పేర్లు ఇంకో సమస్య. హోసూరును తమిళంలో ఓసూర్ అంటారు. తళి, కెలమంగళం, దెంకణికోట, శూలగిరి, ఊత్తంకరై వంటి పేర్లకు ఇంగ్లీషులో ఒకటికి మించి వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి. వెయ్యికి పైగా ఊళ్ల పేర్ల ఇంగ్లీషు రూపాలను తమిళ ఉచ్చారణకు దగ్గరగా మారుస్తూ తమిళనాడు ప్రభుత్వం 2020లో ఉత్తర్వు ఇచ్చి, ఆ ఏడాది జూన్‌లోనే వెనక్కి తీసుకుంది. ప్రభుత్వమే తేల్చని రూపాన్ని అక్షరదోషాల టూల్ తేల్చలేదు. పరీక్షా మార్గాల పేర్లో, సర్వీసు కేంద్రాల పేర్లో కామెంట్లలో రాసే బృందం ఒక పదాల జాబితాను ముందే కూర్చుకోవాలి.

తెలుగు లిపి, తెలుగు వాక్యం

కృష్ణగిరి ప్రాంతంలో తెలుగు ప్రజా జీవితపు భాష. 2024లో ఇక్కడి లోక్‌సభ సభ్యుడు కె. గోపీనాథ్ తెలుగులోనే ప్రమాణం చేశారు. పరిశ్రమ కోడ్‌లో కామెంట్లు ఇంగ్లీషులోనే రాయడం దేశమంతటా వాడుక. అయినా పాఠశాలలో కోడ్ నేర్పేవారు, స్థానిక భాషా సాఫ్ట్‌వేర్ రాసేవారు, తెర మీద కనిపించే తెలుగు మాటలను కామెంట్‌లో ఉదాహరణగా ఇచ్చేవారు తెలుగు లిపిని కోడ్ ఫైళ్లలోకి తెస్తారు. అప్పుడు పుట్టే హెచ్చరికలకు వేరే స్వభావం ఉంది.

మొదటిది పంక్తి పొడవు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల స్థానం 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. "కృష్ణగిరి" అన్న మాట కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ సంకేతాల లెక్కలో తొమ్మిది. బైట్లలో ఇరవై ఏడు. పైథాన్ శైలీ నియమం డాక్‌స్ట్రింగ్ పంక్తికి 72 హద్దు పెడుతుంది. ఆ 72ను టూల్ బైట్లుగా లెక్కిస్తే అందులో 24 తెలుగు సంకేతాలే ఇముడుతాయి, అంటే రెండు మూడు మాటలు. తెర మీద సగం కూడా నిండని పంక్తికి "మరీ పొడుగు" అన్న హెచ్చరిక వస్తుంది. తెరపై ఆక్రమించే వెడల్పుతో కొలిచే టూల్స్ దీనికంటే మెరుగు, తెలుగు వత్తుల విషయంలో అవీ పూర్తి కచ్చితం కావు.

రెండోది పోలిక అక్షరాల తనిఖీ. కోడ్‌లో కనబడకుండా దిశ మార్చే అక్షరాలతో మోసం చేయవచ్చని 2021 నవంబరులో కేంబ్రిడ్జ్ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ వెల్లడించారు. ట్రోజన్ సోర్స్ పేరుతో తెలిసిన ఆ దాడికి ముఖ్య వాహకాల్లో కామెంట్లు ఒకటి. ఆ తర్వాత కంపైలర్లు, ఎడిటర్లు, లింటర్లు అనుమానాస్పద అక్షరాల మీద నిఘా పెంచాయి. తెలుగు ఎడమ నుంచి కుడికి రాసే లిపి కాబట్టి దిశ మార్పు తనిఖీ దాన్ని ఇబ్బంది పెట్టదు. పోలిక అక్షరాల జాబితా పెడుతుంది. యూనికోడ్ సంస్థ ప్రచురించే ఆ జాబితాలో తెలుగు సున్నకు, అంటే అనుస్వారానికి, ఇంగ్లీషు చిన్న "ఓ" అక్షరంతో పోలిక ఉన్నట్టు నమోదైంది. తెలుగు అంకె సున్న కూడా అక్కడే ఉంది. జాబితాను అక్షరం అక్షరంగా అన్వయించే టూల్, అనుస్వారం ఉన్న ప్రతి తెలుగు వాక్యాన్నీ అనుమానిస్తుంది. అనుస్వారం లేని తెలుగు పేరా అరుదు. సరైన మార్గం మాటను మొత్తంగా ఒక యూనిట్‌గా చూడటం. ఇంగ్లీషు అక్షరాల మధ్య ఒక్క అనుస్వారం దూరితే అది మోసం. చుట్టూ తెలుగే ఉంటే అది తెలుగు.

మూడోది కనబడని విభజకం. "హోసూర్‌లో", "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు తర్వాత వత్తు ఏర్పడకుండా ఆపడానికి వెడల్పు లేని ఒక యూనికోడ్ సంకేతం కావాలి. అది లేకపోతే మాట రూపమే చెడుతుంది. అదృశ్య అక్షరాలన్నింటినీ ఒకే గాటన కట్టి దొంగల్లా చూసే తనిఖీ దీన్నీ తొలగించమంటుంది. తొలగిస్తే తెలుగు తప్పవుతుంది.

వాక్య నిర్మాణం దగ్గర పరిస్థితి వేరు. తెలుగులో క్రియ చివర వస్తుంది. "చక్రం వేగాన్ని లెక్కించు" అన్న ఆజ్ఞార్థకంలో మొదటి మాట "చక్రం". మొదటి మాటను చూసి ఆజ్ఞార్థకాన్ని నిర్ణయించే నియమం ఇక్కడ అర్థం లేనిది. టూల్ తన ఇంగ్లీషు క్రియల జాబితాలో ఆ మాట దొరక్క ఊరుకుంటుంది. మొదటి మాట పెద్ద అక్షరంతో మొదలవ్వాలన్న నియమం కూడా పైడాక్‌స్టైల్‌లో ఇంగ్లీషేతర అక్షరాలను వదిలేసేలా రాశారు. అంటే తప్పుడు హెచ్చరిక రాదు, తనిఖీ కూడా జరగదు. గో భాష నియమం మాత్రం తెలుగుకు చక్కగా అమరుతుంది: ఫంక్షన్ పేరును కర్తగా ముందు పెట్టి క్రియతో ముగించడం తెలుగు వాక్యానికి సహజమే. వాక్యాంత చిహ్నాన్ని బృందమే ఎంచుకునే వీలు చెక్‌స్టైల్‌లో ఉంది. చైనీస్ వంటి భాషల అవసరం అక్కడ లెక్కలోకి వచ్చింది.

పర్యవసానాలు

స్థిర విశ్లేషణ టూల్ తయారుచేసిన కవరిటీ సంస్థను నిర్మించినవారు 2010లో తమ అనుభవాన్ని రాస్తూ, తప్పుడు హెచ్చరికలు 30 శాతం దాటితే జనం టూల్‌ను పట్టించుకోవడం మానేస్తారని పేర్కొన్నారు. నిజమైన లోపాలు కూడా ఆ గుంపులో పడి కొట్టుకుపోతాయి. కామెంట్ల విషయంలో దీనికి తోడు మరో నష్టం ఉంది. కోడ్ మీద తప్పుడు హెచ్చరిక వస్తే దాన్ని తప్పించడానికి కోడ్‌ను చెడగొట్టడం కష్టం, ప్రోగ్రామ్ పనిచేయకుండా పోతుంది. కామెంట్‌ను చెడగొట్టడం చాలా తేలిక. డేటాషీట్ చిరునామా తీసేస్తారు. నమూనా కోడ్ తుడిచేస్తారు. పారామీటర్ వివరణ తప్పనిసరి అన్న నియమానికి లొంగి, "వేగం: వేగం విలువ" అని పేరునే తిప్పి రాస్తారు. లింటర్ తృప్తిపడుతుంది, చదివేవాడికి ఏమీ మిగలదు. వాహనం రోడ్డు మీద పదేళ్లు తిరుగుతుంది. ఆ కోడ్‌ను రాసినవారు అన్నాళ్లు అదే బల్ల దగ్గర ఉండరు.

కామెంట్లను తనిఖీ చేయడం వృథా అని దీనర్థం కాదు. 2007లో లిన్ టాన్, సహ పరిశోధకులు ఐకామెంట్ అనే పద్ధతితో లినక్స్, మొజిల్లా, వైన్, అపాచీ కోడ్‌లలో కామెంట్‌కూ కోడ్‌కూ పొసగని 60 చోట్లను పట్టుకున్నారు. వాటిలో 33 కోడ్‌లోని కొత్త లోపాలు, 27 తప్పుడు కామెంట్లు. కామెంట్ అర్థాన్ని కోడ్‌తో పోల్చే తనిఖీ విలువ అది. చుక్క, పెద్ద అక్షరం, పంక్తి పొడవుల తనిఖీకి ఆ విలువ లేదు.

అదుపు పద్ధతులు

హెచ్చరికను అణిచే మార్గాల్లో అతి సన్నదాన్ని ఎంచుకోవడం మేలు. ఒక్క పంక్తికి, ఒక్క నియమానికి, కారణంతో సహా అణిచే గుర్తు అన్నింటికంటే సురక్షితం. క్లాంగ్-టైడీ, పైథాన్ లింటర్లు, ఈఎస్‌లింట్ అన్నింటిలో ఇలాంటి గుర్తులున్నాయి. పైథాన్ డాక్‌స్ట్రింగ్ విషయంలో ఒక మెలిక ఉంది: గుర్తును డాక్‌స్ట్రింగ్ లోపల రాయకూడదు, మూసే కొటేషన్ల తర్వాత పెట్టాలి, అప్పుడది మొత్తం డాక్‌స్ట్రింగ్‌కు వర్తిస్తుంది. అవసరం తీరిన గుర్తులు పేరుకుపోతే రేపటి నిజమైన లోపాన్ని కప్పేస్తాయి. వాడుకలో లేని గుర్తులను చూపే వీలు రఫ్‌లోనూ ఈఎస్‌లింట్‌లోనూ ఉంది.

సొంత ట్యాగులను సెట్టింగుల్లో ప్రకటించడం, ఊళ్ల పేర్లకూ చిప్ పేర్లకూ ప్రాజెక్టు నిఘంటువు పెట్టుకోవడం, నమూనా కోడ్‌ను గుర్తించే ట్యాగుల మధ్య ఉంచడం వల్ల హెచ్చరికలు మూలంలోనే తగ్గుతాయి. పాత కోడ్‌కు ఒక ఆధార రేఖ గీసి, కొత్తగా మారిన పంక్తులకే తనిఖీని వర్తింపజేయడం మరో పద్ధతి. ఎమ్‌ఐఎస్‌ఆర్‌ఏ వ్యవస్థలో తప్పనిసరి స్థాయి కంటే కింద ఉన్న నియమాన్ని ఎందుకు పాటించలేదో లిఖితపూర్వకంగా నమోదు చేస్తే అది అంగీకృతమే. ఆ నమోదు చేసే శ్రమకు బదులు కామెంట్‌ను తుడిచేయడం సులువుగా తోస్తుంది. భద్రతకు అది చేటు.

నియమాలను ఎంచుకోవడంలో ఈ వరుస సమంజసం: కోడ్‌తో పోల్చి తేల్చగలిగే తనిఖీలు, అంటే లేని పారామీటర్, తప్పు పేరు, విరిగిన లంకె, బిల్డ్‌ను ఆపేంత కఠినంగా ఉండవచ్చు. అంచనా మీద నడిచేవి సూచనలుగా కనిపిస్తే చాలు. భాషా శైలి నియమాలు ఆ భాష తెలిసిన మనిషి సమీక్షకు వదలడం మంచిది.

నియమాలు మారతాయి. వెబ్ చిరునామా మినహాయింపు, వాక్యాంత చిహ్నం ఎంపిక, మినహాయింపు పేర్ల జాబితా ఇవన్నీ మొదటి నుంచీ ఉన్న పట్టింపులను వాడుకకు తగ్గట్టు సడలించిన ఉదాహరణలు. రఫ్, క్లాంగ్, డాక్సిజెన్, చెక్‌స్టైల్ వంటివి అందరికీ తెరిచి ఉన్న కోడ్. తప్పుడు హెచ్చరికను ఎవరైనా నివేదించవచ్చు. అనుస్వారం, విభజకం, వత్తుల వెడల్పు వంటి సందర్భాలను తెలుగు రాసేవారే ముందుగా చూస్తారు. హోసూరులోనో హైదరాబాదులోనో అలాంటి హెచ్చరిక ఎదురైనవారు తమ కామెంట్‌ను మార్చుకోకముందు, రెండు మూడు పంక్తుల నమూనాతో, టూల్ వెర్షన్ సంఖ్యతో, నియమం పేరుతో ఆ టూల్ నిర్వాహకులకు నివేదించాలి.